ముప్పై పొరల నీలం

నీళ్లకు పైన ఒక చర్మం ఉంటుంది. ఆ చర్మం మీద ఒకే ఒక్క అణువు మందాన ఒక పొరను పరిచి, దాని అడుగున రంగు అణువులను పట్టించి, చెదరకుండా గాజు పలక మీదికి ఎక్కించడమే నా పరిశోధన. ఆరేళ్లు అదే పని చేశాను. ఇంట్లో ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని, వాళ్లు ఊ కొట్టి వంటింట్లోకి వెళ్లిపోయేవాళ్లు. కేజీఎఫ్‌లో మాది పాత గని లైనిల్లు, బంగారు గని పనివాళ్లకు వరసగా కట్టినవాటిలో ఒకటి. వంటిల్లు నాలుగడుగుల దూరమే కాబట్టి వెళ్లిపోయినా నా మాట వాళ్లకు వినిపిస్తూనే ఉండేది. అదొక్కటే నాకు ఊరట.

పగలు ఊళ్లోని కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అప్పట్లో సాయంత్రాలూ ఆదివారాలూ కాలేజీ ల్యాబులో ఒక మూల నా తొట్టి ముందు కూర్చునేదాన్ని. తొట్టి అంటే పెద్దదేమీ కాదు. రెండు జానల పొడవు, అరచేతి వెడల్పు. జిడ్డంటని తెల్లటి ప్లాస్టిక్ దిమ్మెను తొలిచి చేసింది. అందులో శుద్ధి చేసిన నీళ్లు పోసి, కంటికి తెలిసీ తెలియనంత నీలం రంగు కలుపుతాను. పైన కొవ్వు ఆమ్లం కరిగించిన ద్రావణం చుక్కచుక్కగా వేస్తాను. కాస్సేపటికి ద్రావణి ఆవిరైపోతుంది, కొవ్వు అణువులు తలలు నీళ్లలో పెట్టి, తోకలు పైకెత్తి మిగిలిపోతాయి. అడ్డుకర్రతో మెల్లగా నెడితే దగ్గరికి జరిగి పొరగా కుదురుకుంటాయి. అప్పుడు మొదలవుతుంది నాకిష్టమైన పని. చేసేదేమీ ఉండదు. నీళ్లలో దారి తెలియకుండా తిరిగే నీలం అణువులు ఒక్కొక్కటీ పైకి వచ్చి, పొర అడుగున తగిలి, అక్కడే ఉండిపోతాయి. వాటిది ధన విద్యుత్తు, పొరది రుణ విద్యుత్తు, అంతే సంగతి. కంటికేమీ కనబడదు. అయినా అరగంట అలా చూస్తూ కూర్చుంటే ఏదో జరుగుతోందని ఒళ్లంతటికీ తెలుస్తుంది. నిజం చెప్పాలంటే ఆ ఆరేళ్లలో నేను సంతోషంగా ఉన్నది ఆ అరగంటల్లోనే.

చివరి ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి, గాజు పలకను నీళ్లలోకి దించి ఎత్తే మోటారు మాడిపోయింది. బాగుచేసేవాళ్లు రెండు నెలలన్నారు. నాకున్నది తొమ్మిది రోజులు. పలక మీద ఎంత రంగు ఎక్కిందో కొలిచే యంత్రం బెంగళూరులో ఒక పెద్ద సంస్థలో ఉంది, అక్కడ నాకు మంగళవారం ఒక్క పూట దొరికింది. ఆ కొలత లేకపోతే చివరి అధ్యాయం లేదు. అది లేకపోతే నెలాఖరుకు పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది, ఆరేళ్ల పని గంగపాలవుతుంది. ఇంటికొచ్చి సంచీ మంచం మీదికి విసిరేశాను. కాఫీలో చక్కెర ఎక్కువైందని అమ్మ మీద అరిచాను. చక్కెర సరిగ్గానే ఉంది.

వాకిట్లో కూర్చున్న నాయన అంతా విన్నాడు. ఆయన గనిలో వైండింగ్ ఇంజను డ్రైవరు. నిలువు బావి లాంటి షాఫ్టులోకి మనుషులు దిగే కేజు ఉక్కుతాడుకు వేలాడుతూ ఉంటుంది, ఆ తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్మును నడిపేది ఆయన. పద్దెనిమిదేళ్లు అదే పని. గని మూతపడే నాటికి నేను బడికి పోయే పిల్లను.

"ఏందో దించి ఎత్తే మోటరు పోయిందంటివే, దించేది ఏమి?" అన్నాడు.

"గాజు పలక. నిమిషానికి నాలుగు మిల్లీమీటర్లే దిగాలి. అదిరితే పొర చిరిగిపోతుంది."

"ఎంత లోతు?"

"రెండున్నర సెంటీమీటర్లు."

ఆయన నవ్వలేదు. రెండు వేళ్లతో గాలిలో ఆ కొలత చూసుకున్నాడు. "మనుషుల్నే వేల అడుగులు దించినోణ్ణి, గాజుముక్క దించలేనా? నేను దించుతాను. కానీ పాపా, చేత్తో దించినామని నీ బుక్కులో రాయల్ల. పేరు వద్దు నాకు. చేత్తో అని ఒక లైను, అంతే."

ఎందుకడిగాడో నాకు తెలుసు. ఇంజను రూములో ప్రతి షిఫ్టు చివరా రిజిస్టరులో సంతకం చేసేవాడు. గని మూతపడ్డాక ఆ గదికి తాళం పడింది, రిజిస్టర్లు లోపలే ఉండిపోయాయి. ఆయన చేసిన పనికి బయట ఒక్క అక్షరం ఆధారం లేదు. ఈ సంగతి ఎప్పుడో అన్నం తింటూ మామూలుగా చెప్పాడు, నేనూ మామూలుగానే విన్నాను. ఆ సాయంత్రం మాత్రం నా పీకల మీదికి వచ్చి ఉంది కదా, "రాస్తాను నాయనా, తప్పకుండా రాస్తాను" అన్నాను.

కాలేజీలో పరీక్షలు నడుస్తున్నాయి, ల్యాబంతా పిల్లలే. ప్రిన్సిపాల్‌ను బతిమాలి తొట్టిని ఇంటికి తెచ్చుకున్నాను. నాయన మూలన పడున్న పాత టేబుల్ ఫ్యాను విప్పాడు. ఫ్యాను తల అటూ ఇటూ తిరగడానికి మెడలో ఒక చిన్న డబ్బా ఉంటుంది. దాంట్లోని మరచుట్టునూ పళ్లచక్రాన్నీ ఊడదీసి, అమ్మ దారపు రీలుకు బిగించి, ఒక పిడి పెట్టాడు. పిడిని అరవై సార్లు తిప్పితే రీలు ఒక్క చుట్టు తిరుగుతుంది. మా పిన్నమ్మ వాళ్లు శ్రీనివాసపురం దగ్గర పట్టుపురుగులు పెంచుతారు, దారం అక్కడిది. దాని కొసకు క్లిప్పు, క్లిప్పుకు గాజు పలక. ఒకే పలక మీద పది పొరలు, ఇరవై పొరలు, ముప్పై పొరలు మెట్లుమెట్లుగా కావాలన్నాను. ఆయన రీలు అంచున చాక్‌పీసుతో మూడు గీతలు గీసి, "మూడు లెవెళ్లు" అన్నాడు, గని లోతుల లెక్కలో.

శుక్రవారం సాయంత్రం ఆయనకు పొరను చూపించాలనిపించింది. పళ్లెంలో నీళ్లు పోసి, ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లాను. మధ్యలో ద్రావణం ఒక్క చుక్క వేశాను. పౌడరంతా ఒక్క క్షణంలో అంచులకు పరుగెత్తిపోయి, నడుమ ఖాళీ నీళ్ల గుండ్రం మిగిలింది. ఆ ఖాళీలో ఉండేదే పొర, పౌడరును నెట్టింది అదే అని చెప్పాను. ఆయన పళ్లెం మీదికి వంగి చాలాసేపు చూశాడు. వాకిట్లో వెలుతురు తగ్గిపోతోంది, నీళ్ల గుండ్రంలో కాస్త ఆకాశం ఉంది.

"ఏమీ కనపళ్లేదు. అయినా ఇంత జాగా పట్టిండాది" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

గాజు పలకను ముందే నీళ్లలో ముంచి ఉంచి, పైన పొర పరిచాక మొదట ఎత్తుతాం, తర్వాతే దించుతాం అని కూడా చెప్పాను. కిందున్నవాళ్లను పైకి తెచ్చేది ముందా అని అడిగాడు. అవునన్నాను. ఆ సంగతి ఆయనకు బాగా నచ్చింది.

మా ఇంటికి తూర్పున సైనైడ్ దిబ్బలు, బంగారం తీసేశాక గని పారబోసిన మట్టిగుట్టలు. గాలి లేస్తే ఆ బూడిదరంగు దుమ్ము కంచాల్లోకి, దిండ్ల మీదికి, ముక్కుల్లోకి వస్తుంది. నీళ్ల మీద దుమ్ము పడిందంటే ఇక పొర పొర కాదు. అందుకని తుంపర కోసం కాచుకున్నాం. శనివారం పొద్దున మబ్బు పట్టి సన్నగా రాలింది. కిటికీలకు తడి చీరలు కట్టాం. తలకు నూనె పెట్టుకుందని అమ్మను గది గడప దాటనివ్వలేదు. ఆమె మూతి ముడుచుకుని వాకిట్లో కూర్చుంది.

నాయన స్టూలు తెచ్చి తొట్టికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇటు తిరుగు, పలక కనబడొద్దా అన్నాను. "డ్రైవరుకు కేజు కనపడదు. గుర్తు చూసుకుంటాడు, అంతే" అని రీలు మీది చాక్ గీతల వైపు చూస్తూ పిడి పట్టుకున్నాడు. నేను తొట్టి దగ్గర. పొర బిగువును చూపే ముల్లు నా ఎదురుగా ఉంది. పలక మీదికి పొర ఎక్కేకొద్దీ నీళ్ల మీద తగ్గుతుంది కాబట్టి, ఆ ముల్లు జారకుండా రెండు చేతులతో అడ్డుకర్రను నెడుతూ ఉండాలి.

అయిదు సార్లు పలక చక్కగా ఎక్కి దిగింది. ఆరోసారి దిగేటప్పుడు రీలు మీద దారం కాస్త జారింది. ఆయన గీత ప్రకారం పలక ఇంకా దిగాలి, నా కంటి ముందేమో క్లిప్పు నీళ్లకు ఒక్క మిల్లీమీటరు దూరంలో ఉంది. అడ్డుకర్ర వదిలితే పొర చెదురుతుంది. ఆపు నాయనా అన్నాను. పిడి తిరుగుతూనే ఉంది. గట్టిగా అరిచాను. వీపు కదల్లేదు, చెయ్యి అదే నిదానంతో తిరుగుతూనే ఉంది. క్లిప్పు నీళ్లను తాకగానే దాని జిడ్డు పొరలోకి పాకింది, ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగిపోయింది. ఒక పలక పాడు. ద్రావణం ఇంకొక్కసారికి మాత్రమే మిగిలింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "చెవుడా నీకు?" అని అరిచాను. కన్నతండ్రిని ఆ మాట అన్నాను.

ఆయన అప్పుడు వెనక్కి తిరిగాడు. "గంట యాడ కొట్టినావు?"

"గంటేమిటి? అంత అరుస్తుంటే వినబడలేదా?"

"వినపడింది పాపా. చెయ్యే ఆగలేదు." కాస్సేపు తన చేతిని చూసుకున్నాడు. "ఇంజను రూములో నోటి మాటకు ఆపకూడదు. ఎవురు అరస్తారో, ఎందుకు అరస్తారో మనకు తెల్దు. మాట విని బ్రేకు వేస్తే మనుషులు సగం దావలో వేలాడతారు. ఒక గంట కొడితే ఆపేది, రెండు కొడితే దించేది. మాట లెక్కే లేదు. అన్నేండ్లు అట్ల చేసి, ఇప్పుడు ఊరికే అరిస్తే ఆగతాదా?"

నా కోపం ఎటుపోయిందో తెలియలేదు. నేను అరుస్తుంటే ఆ చెయ్యి ఆగకపోవడం నా మీద లెక్కలేనితనం కాదు. అలా ఆగకుండా ఉండటానికే ఆ చేతిని తయారు చేశారు, దాన్ని నమ్మే జనం షాఫ్టులోకి దిగారు. అది తప్పని ఎలా అనను? దేవుడి గూట్లోని గంట తీసుకొచ్చి తొట్టి పక్కన పెట్టాను. మూడు కొడితే ఎత్తేటట్టు మాట అనుకున్నాం. అమ్మ గడప అవతలి నుంచి చూసింది.

"రేపు దేవునికి ఏం కొట్టేది ఇంగ?" అంది.

"రేపు కొట్టేదంతా ఆయనకే అనుకో" అన్నాడు నాయన.

ఆదివారం కూడా తుంపర ఆగలేదు. కొత్త దారం చుట్టి, ఈసారి జారకుండా కొసను ముడేశాడు. పలక ముంచాను, ద్రావణం చుక్కలు వేశాను, అడ్డుకర్ర నెట్టాను. తర్వాత అరగంట ముగ్గురం కాచుకుని కూర్చున్నాం, అమ్మ గడప అవతలే. నీళ్లలోని నీలం ఎక్కడెక్కడి నుంచో పైకొచ్చి పొరను పట్టుకుంటూ ఉంటుందని నాకు తెలుసు. రేకుల మీద తుంపర చప్పుడు ఉందో లేదో అన్నట్టు ఉంది. తడి చీరల గుండా వచ్చే వెలుతురు నీళ్ల మీద ఆకుపచ్చగా పడింది. గంట మూడుసార్లు కొట్టాను.

పలక కదులుతున్నట్టే తెలియలేదు. పొర దాని వైపు జరుగుతుంటే, నీళ్ల మీది వెలుతురు పలక దగ్గర సన్నగా వంగేది, అంతే. నిమిషానికి మూడుసార్లు పిడి చప్పుడు వినిపించేది. ఒకటి కొడితే ఆగేది. పలక ఆరేదాకా ఆయన పిడి మీద చెయ్యి తీయకుండా, అటు తిరిగే ఉండేవాడు. రెండు కొడితే మళ్లీ కదిలేది. పది అయ్యాయి, పద్నాలుగయ్యాయి. నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో నాకే తెలియని స్థితి వచ్చింది. నేనూ ఆ నీళ్లలోనే ఎక్కడో కింద ఉన్నట్టు, పైనెవరో చూడకుండానే నన్ను నిదానంగా ఎత్తుతున్నట్టు అనిపించింది. భయం వేయలేదు. చిన్నప్పుడు ఆయన డ్యూటీకి పోవడం చూశాను, రావడం చూశాను. పని చేస్తుండగా ఒక్కసారీ చూడలేదు, ఇంజను రూములోకి పిల్లలను రానివ్వరు. ఇన్నేళ్లకు, మా ముందరి గదిలో, ఆయన వీపును చూస్తూ కూర్చున్నాను. చొక్కా భుజాల దగ్గర చిరిగి ఉంది. ఆయనంటే నాకు ఇంత ఇష్టమని అంతకుముందు నాకు తెలియదు.

ఇరవై రెండో పొరకు పలక దిగేటప్పుడు నా చేతులు తిమ్మిరెక్కాయి, అడ్డుకర్ర పట్టు తప్పబోయింది. నోటిదాకా వచ్చిన అరుపును మింగి, మోచేత్తో గంటను ఒక్కసారి తోశాను. చప్పుడు వచ్చిందో లేదో, చెయ్యి ఆగిపోయింది. ఆయన వెనక్కి చూడలేదు, ఏమైందని అడగలేదు. నేను చేతులు విదిలించుకుని రెండు కొట్టేదాకా అలాగే ఉన్నాడు.

ముప్పై పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఆఖరి గంట కొట్టి, అయిపోయిందని చెప్పాను. అప్పుడు లేచి, నడుం పట్టుకుని, పలక చూపించమన్నాడు. కిటికీకి ఎదురుగా పట్టుకున్నాం, ఏమీ లేదు, ఉత్త గాజు. ఆయన ముఖం చిన్నబోయింది. తన తెల్ల పంచె మీద పెట్టి చూడమన్నాను. అప్పుడు కనిపించింది. పైన ఉందా లేదా అనిపించే నీలం, దాని కింద కొంచెం ఎక్కువ, అడుగున ఇంకొంచెం.

"మూడు లెవెళ్లూ సరిగ్గా ఉండాయి" అని, అన్నం పెట్టమని అమ్మను కేకేశాడు.

మంగళవారం పొద్దుటి రైల్లో పలకను బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని బెంగళూరు పోయాను. యంత్రం మూడు మెట్లకూ గ్రాఫు మీద మూడు చుక్కలు ఇచ్చింది. స్కేలు పెట్టి గీస్తే మూడూ ఒకే గీత మీద ఉన్నాయి. మోటారు ఉన్న రోజుల్లో కూడా నాకు అంత తిన్నని గీత రాలేదు. మా గైడు మేడం కాగితం చూసి, కొత్త మోటారు కొన్నారా అని అడిగింది. మా నాయన చేత్తో తిప్పాడని చెప్పాను. ఆమె నమ్మలేనట్టు చూసి, మనసారా నవ్వింది.

"రాయడం నీ ఇష్టం" అంది తర్వాత. "చేత్తో అని రాస్తే వేగం ఎలా నిలిచిందని పరీక్షకులు అడుగుతారు. జవాబు సిద్ధం చేసుకో."

జవాబు నా దగ్గర ఉంది. షాఫ్టు గురించి, గంటల గురించి, వీపు తిప్పుకుని కూర్చోవడం గురించి చెబితే సరిపోయేది. కానీ కోట్లు వేసుకున్న నలుగురి ముందు, లైనింట్లో ఫ్యాను డబ్బా గురించి చెబుతున్న నన్ను నేను ఊహించుకున్నాను. వాళ్లు నవ్వుతారనిపించింది. చేత్తో అని ఇంగ్లీషులో టైపు చేశాను, కొట్టేశాను. మళ్లీ చేశాను, మళ్లీ కొట్టేశాను. చివరికి పాత అధ్యాయంలో మోటారుతో దించామని రాసిన వాక్యాన్ని అలాగే తెచ్చి అతికించాను. ఒక్క మాటే కదా, ఎవరు చూస్తారని నచ్చజెప్పుకున్నాను. ఆయనకు ఇంగ్లీషు రాదు కదా అని కూడా అనుకున్నాను. అది దాచి లాభం లేదు.

వైవాలో రంగు గురించి అడిగారు, పొర గురించి అడిగారు. మోటారు గురించి ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. డాక్టరేటు వచ్చింది.

నల్ల అట్ట, బంగారు అక్షరాల పుస్తకం ఇంటికి తెచ్చిన రోజు, నాయన చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని, వాకిట్లో నా పక్కన కూర్చున్నాడు. అమ్మ మిఠాయి పంచడానికి పక్కింటికి పోయింది.

"నా లైను యాడుండాది?" అన్నాడు.

చివరి అధ్యాయం తీశాను. ఆ వాక్యం మీద వేలు పెట్టాను. నోరు తడబడకుండా, చదువుతున్నట్టే, తెలుగులో చెప్పాను. "గాజు పలకను నిదానంగా, అదురు లేకుండా, చేత్తో దించి, చేత్తో ఎత్తడమైంది."

ఆయన తల ఊపాడు. తన వేలు తెచ్చి నా వేలి పక్కన పెట్టాడు. వాక్యం మొదటి నుంచి ఒక్కొక్క అక్షరం కింద నిదానంగా జరుపుకుంటూ పోయి, ఒక మాట దగ్గర ఆగిపోయాడు.

"ఇది మోటరు గదా" అన్నాడు.

నేను వేలు వెనక్కి తీసుకున్నాను.

"ఎం, ఓ, టీ, ఓ, ఆర్. ఇంజను రూములో నా ఎదురుగా ఇనుప ప్లేటు మీద ఉండేది. పద్దెనిమిది ఏండ్లు దాన్నే చూస్తా కూర్చున్నాను."

తల కొట్టేసినట్టయింది. నాయనా అన్నాను. ఆయన వేలు ఆ మాట మీది నుంచి తీశాడు. పుస్తకం మూయలేదు. వీధి వైపు చూశాడు.

"పోనీలే పాపా" అన్నాడు. "నువ్వు ఇప్పుడు చదివితివే, అట్లనే ఇంగోసారి చదువు."

వేలు ఆ లైను మీదే పెట్టి, మళ్లీ చదివాను.